చూడాలంటే పావలా

క్లెమెంటైన్ హంటర్ ఇంటి గుమ్మం దగ్గర ఒక బోర్డు ఉండేది. పైన ఆవిడ పేరు, కింద చిత్రకారిణి అన్న మాట, ఆ కింద రేటు: చూడాలంటే 25 సెంట్లు. కొనడానికి కాదు, ఊరికే చూడటానికే పావలా.

అమెరికాలో లూజియానా రాష్ట్రంలో కేన్ నది ఒడ్డున మెల్‌రోజ్ అని ఒక పాత పత్తి ప్లాంటేషన్ ఉంది. ఆవిడ జీవితం చాలావరకు అక్కడే గడిచింది. చిన్నప్పుడే పత్తి ఏరడానికి వెళ్ళారు, తర్వాత దొరల ఇంట్లో వంటకీ బట్టలుతకడానికీ మారారు. చదవడం, రాయడం రాదు. యాభై దాటాక, 1940కి కాస్త అటూ ఇటూగా, ఆ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిన ఒక చిత్రకారిణి వదిలేసి వెళ్ళిన రంగు ట్యూబులు చేతికి దొరికాయి. పాత కిటికీ తెర ఒకటి తీసుకుని దాని మీద వేశారు. ఆ తర్వాత ఇక ఆగలేదు. పగలంతా చాకిరీ, రాత్రి దీపం దగ్గర బొమ్మలు. అట్టముక్కలు, సీసాలు, ఇనప గిన్నెలు, ఎండిన సొరకాయ బుర్రలు, ఏది దొరికితే దాని మీద. 1988 జనవరి 1న, 101 ఏళ్ళ వయసులో పోయేనాటికి వేల బొమ్మలు వేసి ఉన్నారు.

పత్తి ఏరడం, పెకాన్ కాయలు రాల్చడం, బట్టలుతకడం, నదిలో బాప్తిస్మాలు, చావులు, శనివారం రాత్రి తాగి తన్నుకోవడాలు. తను చూసినవే వేశారు, కాకపోతే తను చూసిన పద్ధతిలో. ఆవిడ బొమ్మల్లో ఆడవాళ్ళు చాలాచోట్ల మగవాళ్ళకంటే పెద్దగా ఉంటారు. కోడి గుర్రమంత ఉండి బండి లాగుతుంటుంది. దగ్గర పెద్దది, దూరం చిన్నది అన్న లెక్క ఆవిడకి అక్కర్లేదు. ఎవరు ముఖ్యమో వాళ్ళు పెద్ద.

1955లో దగ్గరలోని ఒక కాలేజీలో ఆవిడ బొమ్మలు ప్రదర్శనకి పెట్టారు. నల్లవాళ్ళకి తెల్లవాళ్ళతో పాటు లోపలికి వెళ్ళే వీల్లేని రోజులు. గ్యాలరీ మూసి ఉన్న ఆదివారం ఒక మిత్రుడు దొంగచాటుగా తీసుకెళ్తే తన బొమ్మలు తను చూసుకున్నారు. అలాంటి మనిషి తన గుమ్మంలో పావలా బోర్డు పెట్టడాన్ని చాలామంది ముచ్చటైన పల్లెటూరి చాదస్తంగా చెప్తుంటారు. పాపం, ఎంత అమాయకురాలో అన్నట్టు నవ్వుతారు. నాకైతే అందులో అమాయకత్వం రవ్వంత కూడా కనపడదు. నా ఇంటికొచ్చి నా పని చూసి పోతారు, అది కూడా ఒక పనే, దానికో రేటుంది. దీనికంటే స్పష్టమైన మాట ఏ గ్యాలరీ యజమానీ చెప్పడు.

నాష్‌విల్‌లో ఇంకో బోర్డు ఉండేది. విలియం ఎడ్మండ్‌సన్ ఆస్పత్రిలో క్లీనింగ్ పని చేసి, ఆ పని పోయాక, దేవుడు చెప్పాడని రాయి చెక్కడం మొదలుపెట్టారు. కూల్చేసిన ఇళ్ళ సున్నపురాయి ఆయన సరుకు. 1937లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఆయన శిల్పాలు పెట్టారు. అక్కడ ఒంటరిగా ప్రదర్శన దక్కిన మొదటి నల్లజాతి కళాకారుడు ఆయనే. పత్రికలన్నీ దేవదూతల గురించీ, దర్శనాల గురించీ రాశాయి. ఆయన షెడ్డు మీద బోర్డు మాత్రం సమాధి రాళ్ళు అమ్మబడును, తోట అలంకరణలు, రాతిపని, కింద పేరు అని సాదాగా చెప్పింది.

ఈ రెండు బోర్డులూ నా వాదనకి మూలం. అమెరికా దక్షిణాది జానపద కళని ప్రేమించేవాళ్ళకి, మ్యూజియంలకి, కలెక్టర్లకి, నాలాంటి వీకెండ్ సందర్శకులకి కూడా, కళాకారులు అమాయకులుగా ఉండాలని లోపల ఒక కోరిక ఉంటుంది. డబ్బు తెలియకూడదు, పేరు పట్టకూడదు, తను చేసేది కళ అని కూడా తెలియకూడదు. తెలిస్తే మనకి చప్పబడిపోతుంది. చరిత్ర తిరగేస్తే మాత్రం వీళ్ళు రేటు రాశారు, సంతకం పెట్టారు, తేదీ వేశారు, నంబర్లు వేసి లెక్కపెట్టారు. మన కోరిక వల్ల నష్టపోయింది వాళ్ళ జేబు, వాళ్ళ పేరు.

ఈ కోరిక ఇవాళ్టిది కాదు. 1932లో అదే మోడర్న్ ఆర్ట్ మ్యూజియం సామాన్యుడి కళ అన్న పేరుతో అమెరికన్ జానపద కళ ప్రదర్శన పెట్టింది. ఇళ్ళ కప్పుల మీద గాలివాటం చూపే రేకు కోళ్ళు, కొయ్య బొమ్మలు, ఊరూరా తిరిగే చిత్రకారులు వేసిన మనుషుల పోర్ట్రెయిట్లు. ఎక్కువవాటికి చేసినవాళ్ళ పేర్లు లేవు. అదే వాటి అందమని మురిసిపోయారు. ఇక్కడో తమాషా ఉంది. వస్తువులు దాదాపు అన్నీ ఒక్కరివే, మ్యూజియం స్థాపకుల్లో ఒకరైన ఆబీ రాక్‌ఫెల్లర్‌వి. ఆవిడ కూడా తన పేరు వేయనివ్వలేదు. ఒకరు పేరు వద్దనుకున్నారు, మిగతావాళ్ళని ఎవరూ అడగలేదు.

చచ్చిపోయి పేరు తెలియని కళాకారుడితో ఏ చిక్కూ లేదు. బతికున్నవాళ్ళు, పిల్లలున్నవాళ్ళు, లాయర్‌ని పెట్టుకోగలవాళ్ళు దొరికినప్పుడే అసలు కథ మొదలవుతుంది.

అలబామాలో విల్కాక్స్ కౌంటీలో అలబామా నది గుర్రపు నాడాలా వంపు తిరిగే చోట బాయ్‌కిన్ అనే ఊరుంది. లోకానికి తెలిసిన పేరు జీస్ బెండ్. 1816లో జోసెఫ్ జీ అనే ఆయన అక్కడ పత్తి వేశాడు. 1845 ప్రాంతంలో భూమి, బానిసలు కలిపి మార్క్ పెట్‌వే చేతికి మారాయి. ఇప్పటికీ ఊళ్ళో చాలామంది ఇంటిపేరు పెట్‌వేనే. బానిసత్వం పోయాక అదే భూమిలో పాలికి చేశారు. 1932లో, వీళ్ళకి అప్పులిచ్చిన వ్యాపారి చనిపోతే, బాకీ కింద ఆయన భార్య తరఫు మనుషులు వచ్చి అరవై కుటుంబాల పనిముట్లు, పశువులు, తిండిగింజలు అన్నీ పట్టుకుపోయారు. తర్వాత రూజ్‌వెల్ట్ ప్రభుత్వం ఆ భూమి కొని వీళ్ళకి ఇళ్ళు కట్టించి ఇచ్చింది. 1962లో, ఓటు నమోదు కోసం నది దాటి కౌంటీ కేంద్రానికి వెళ్ళడం మొదలుపెట్టగానే, పడవ సర్వీసు ఆపేశారు. మళ్ళీ పడవ వచ్చింది 2006లో. మధ్యలో నలభై నాలుగేళ్ళు, ఎదురుగా కనిపించే ఊరికి చుట్టూ తిరిగి గంట పైన ప్రయాణం.

ఈ ఊరి ఆడవాళ్ళు కుట్టిన క్విల్ట్‌లు 2002లో హ్యూస్టన్‌లో, ఆ ఏడాది చివర్లో న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో గోడలకెక్కాయి. మనకి తెలిసిన వస్తువుతో చెప్పాలంటే అవి బొంతలు. మా అమ్మమ్మ పాత చీరలు, పంచెలు పొరలుగా వేసి కుట్టినట్టే అరిగిన పొలం ప్యాంట్లు, పిండి సంచులు, చిరిగిన చొక్కాలు కత్తిరించి అతికి, మధ్యలో దూది పరిచి, మూడూ కలిపి కుట్టినవి. గోడలకి చీలికలున్న ఇళ్ళలో చలికి కప్పుకోవడానికి. పాతబడ్డవాటిని దోమల పొగకి కాల్చేవాళ్ళు కూడా.

విమర్శకులు ఆ బొంతల ముందు నిలబడి మతీస్ అన్నారు, క్లే అన్నారు, యూరప్ ఆధునిక చిత్రకళలో పెద్ద పేర్లు. పొగడ్తే, కాదనను. కానీ అందులో ఒక మెలిక ఉంది. మతీస్‌ని చూడని మనిషి మతీస్‌లా చేస్తే, అది ఆమె గొప్పతనం కాకుండా ఏదో యాదృచ్ఛికం అయిపోతుంది, తెలియకుండా జరిగిపోయింది అన్నట్టు. నిజానికి జీస్ బెండ్‌లో ఏదీ తెలియకుండా జరగలేదు. లోపలి నుంచి చతురస్రాలు పేర్చుకుంటూ పోయే నమూనాని హౌస్‌టాప్ అంటారు. నిలువు పట్టీలది లేజీ గాల్, ఇటుకల వరసలా ఉండేది బ్రిక్‌లేయర్. తల్లి నుంచి కూతురికి వచ్చిన నమూనాలు ఇవి. ప్రతి ఒక్కరూ అదే నమూనా తీసుకుని దాన్ని ఎక్కడో ఒకచోట కావాలని విరిచేస్తారు. ఎరుపు పట్టీ రావలసినచోట నీలం వస్తుంది, గీత కాస్త ఒరుగుతుంది. వసంతంలో బొంతల్ని ఉతికి తీగల మీద ఆరేస్తే, ఊరు ఊరంతా నడుచుకుంటూ వెళ్ళి ఎవరిది ఎలా ఉందో చూసేది. ఆవిడ అలా చేసింది, నేను ఇలా చేస్తా అనుకుని ఇంటికెళ్ళేది. మ్యూజియం అంటే ఇదే కదా. పోటీ ఉంది, విమర్శ ఉంది, సంప్రదాయం ఉంది, దాన్ని దాటాలన్న తహతహ ఉంది. లేనిది టిక్కెట్టు కౌంటరే.

నాకు అన్నిటికంటే నచ్చేది మిస్సూరీ పెట్‌వే 1942లో కుట్టినది. భర్త పోయాడు. ఆయన పొలం బట్టలు తీసి, వాటితో బొంత కుట్టి, ఆయన్ని తలుచుకుంటూ దాని కింద పడుకుంటానని కూతురితో అన్నారట. కూతురు ఆర్లోంజియా కూడా పేరున్న క్విల్టరే, ఈ సంగతి ఆవిడే చెప్పింది. ఇందులో ఫోటోలో కనపడని విషయం ఒకటుంది. మోకాళ్ళ దగ్గర అరిగి వెలిసిన ముక్క, జేబు ఊడదీసిన చోట మిగిలిన ముదురు నీలం ముక్క, రెండూ ఒకే ప్యాంటువి, రెండు వేరు రంగులు. ఆ తేడాని ఆవిడ రంగుల పెట్టెలా వాడుకున్నారు. దుఃఖం ఒక్కటే కాదు ఆ గుడ్డలో ఉన్నది, లెక్క కూడా ఉంది.

వీళ్ళకి వ్యాపారం కూడా కొత్త కాదు. పౌరహక్కుల ఉద్యమం రోజుల్లో, 1966లో, ఈ ప్రాంతం ఆడవాళ్ళు కలిసి ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అని ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. 1972లో సియర్స్ కంపెనీకి కార్డురాయ్ (చారలు తేలిన మందపాటి నూలు గుడ్డ) దిండు గలీబులు కుట్టే కాంట్రాక్టు వచ్చింది. అన్నీ ఒకే కొలత, ఒకే కుట్టు, తేడా వస్తే వెనక్కి. పగలు అలా మిషన్ మీద కుట్టి, మిగిలిన కార్డురాయ్ ముక్కలు ఇంటికి తెచ్చుకుని రాత్రి తమకి నచ్చినట్టు కుట్టుకున్నారు. ఆ కాలం నాటి బొంతల్లో ముదురు పసుపు, ఆకుపచ్చ, తుప్పు రంగు పట్టీలు కనపడితే అవి సియర్స్ ముక్కలన్నమాట. ఏది ఆర్డరు పని, ఏది తన పని అన్నది వాళ్ళకి తెలిసినంత స్పష్టంగా మనలో ఎంతమందికి తెలుసు?

క్విల్ట్‌లు మ్యూజియంలకెక్కాక, ఆ డిజైన్లతో రగ్గులు, రకరకాల వస్తువులు వచ్చాయి. 2006లో తపాలా శాఖ పది బిళ్ళలు వేసింది. 2007లో ఆనీ మే యంగ్, లొరెట్టా పెట్‌వే వంటి వాళ్ళు కోర్టుకెళ్ళారు, తమకి రావలసింది రాలేదని. వాళ్ళు దావా వేసింది ఈ క్విల్ట్‌లని సేకరించి లోకానికి చూపించిన విలియం ఆర్నెట్ కుటుంబం మీద, వాళ్ళతో సంబంధం ఉన్న సంస్థల మీద. ఆర్నెట్‌లు ఆరోపణల్ని ఖండించారు. 2008లో రాజీ అయింది. ఆ గొడవలో ఎవరిది ఎంత తప్పని నేను తీర్పు చెప్పను. నన్ను కలవరపెట్టింది బయటివాళ్ళ స్పందన. ఇంత చక్కటి కథలో ఈ దావా ఏమిటి, ఇలా అయిపోయారేమిటి అని నిట్టూర్పులు. ముప్ఫై ఐదేళ్ళ ముందే సియర్స్‌తో కాంట్రాక్టు కింద పనిచేసిన ఊళ్ళో ఆడవాళ్ళకి కాంట్రాక్టు అంటే ఏమిటో తెలియదని ఎలా అనుకున్నారో.

బిల్ ట్రేలర్ విషయానికి వస్తే లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. 1853 ప్రాంతంలో అలబామాలో బానిసగా పుట్టారు. విముక్తి వచ్చాక కూడా దశాబ్దాల పాటు పొలం పనే. ముసలితనంలో మాంట్‌గోమరీ చేరి, మన్రో వీధిలో పేవ్‌మెంట్ పక్కన ఒక పెట్టె మీద కూర్చుని, 1939లో, ఎనభై ఐదు దాటాక, అట్టముక్కల మీద గీయడం మొదలుపెట్టారు. టోపీ పెట్టుకున్న మగవాళ్ళు, గొడుగు పట్టుకున్న ఆడవాళ్ళు, పళ్ళు బయటపెట్టిన కుక్కలు, కప్పుల మీదికి ఎగబాకే మనుషులు, వాళ్ళ వెనక కర్రలతో ఇంకొందరు. చూడగానే సరదాగా ఉంటాయి, కాసేపు చూస్తే టెన్షన్ మొదలవుతుంది. ఎవరు ఎవర్ని తరుముతున్నారో తెలియదు, తెలియనివ్వకపోవడం ఆయన ఉద్దేశం కావచ్చు. 1940ల మాంట్‌గోమరీలో నడివీధిలో కూర్చుని నల్లాయన బొమ్మలు వేస్తుంటే, ఎంత చెప్పాలి, ఎంత దాచాలి అన్నది చిన్న విషయం కాదు.

బొమ్మలకి దారాలు కట్టి వెనక కంచెకి వేలాడదీసేవారు, అమ్మకానికి. చార్ల్స్ షానన్ అనే యువ చిత్రకారుడు రోజూ వచ్చి కూర్చునేవాడు, రంగులు, కాగితాలు తెచ్చిచ్చేవాడు, కొనేవాడు. ఆయన లేకపోతే మనకి ట్రేలర్ లేరు, 1,200 పైచిలుకు బొమ్మలు చెత్తబుట్టలోకి పోయేవి. ఇది ఒప్పుకోవాల్సిందే. 1942లో మోడర్న్ ఆర్ట్ మ్యూజియం డైరెక్టర్ ఆల్‌ఫ్రెడ్ బార్ పదహారు బొమ్మలు ఎంచుకుని, ఒక్కోదానికి డాలరు, రెండు డాలర్ల లెక్కన చెక్కు పంపించారు. షానన్ మండిపడి చెక్కు వెనక్కి పంపించేశాడు, బొమ్మలు తిరిగి తెప్పించుకున్నాడు. ట్రేలర్ 1949లో పోయారు. 1982లో వాషింగ్టన్ కోర్కొరన్ గ్యాలరీలో నల్లజాతి జానపద కళ ప్రదర్శనతో ఆ బొమ్మలకి గిరాకీ వచ్చింది. 1992లో వారసులు షానన్ మీద దావా వేశారు. రాజీలో పన్నెండు బొమ్మలు కుటుంబానికి దక్కాయి. వెయ్యికి పైగా ఉన్నవాటిలో పన్నెండు. 2020లో క్రిస్టీస్ వేలంలో ఒక్క బొమ్మ, రెండు వైపులా వేసినది, 507,000 డాలర్లకి పోయింది.

షానన్ దుర్మార్గుడు కాదు, నా వరకు ఆయన మంచివాడే. బార్ కూడా దుర్మార్గుడు కాదేమో. మంచివాళ్ళు ఉన్నచోట కూడా ఇదే జరిగిందన్నదే నా బాధ. ఎందుకంటే ఆ ముసలాయన్ని ఎవరూ ఒక ప్రశ్న అడిగినట్టు కనపడదు: అయ్యా, ఇవన్నీ నీవి, వీటిని ఏం చేద్దామంటావ్?

థోర్న్‌టన్ డయల్ దగ్గర అమాయకత్వపు కోరిక నేరుగా దెబ్బ కొట్టింది. అలబామాలో బెస్సెమర్‌లో రైలు పెట్టెలు చేసే పుల్‌మన్ ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు ఇనుముతో పనిచేసిన మనిషి. 1981లో ఫ్యాక్టరీ మూతపడింది. కొడుకులతో కలిసి ఇనప కుర్చీలు చేసి అమ్మారు. రేకు, తాడు, తివాచీ, పాత బొమ్మలు, కర్రలు కలిపి గోడంత కూర్పులు చేశారు. వాటి విషయాలు బానిసత్వం, పౌరహక్కులు, తర్వాత రోజుల్లో ఇరాక్ యుద్ధం. ఇనుము ఎక్కడ వంగుతుందో, ఎక్కడ విరుగుతుందో ఫ్యాక్టరీలో నేర్చుకున్న చేయి ప్రతి దాంట్లో కనపడుతుంది. ఆర్ట్ కాలేజీకి వెళ్ళలేదు కాబట్టి ఏమీ నేర్చుకోలేదనడం అన్యాయం. ఆ ముప్ఫై ఏళ్ళూ చదువే.

1993లో న్యూయార్క్‌లో రెండు మ్యూజియంలు ఒకేసారి ఆయన ప్రదర్శన పెట్టాయి. సరిగ్గా అప్పుడే ఒక పెద్ద టీవీ న్యూస్ కార్యక్రమం డయల్‌నీ, ఆయన్ని ఆదుకుంటున్న ఆర్నెట్‌నీ కలిపి ఒక కథనం వేసింది. చదువురాని మనిషి, వెనక తెల్ల వ్యాపారి, ఇదీ వరస. ఆర్థిక లావాదేవీల మీద ప్రశ్నలు వేయడం న్యాయమే. కానీ ఆ కథనంలో డయల్ తన బుద్ధితో తను నిర్ణయం తీసుకోగల మనిషిగా లేరు. దాని తర్వాత పెద్ద మ్యూజియంలు చాలాకాలం వెనక్కి తగ్గాయి. ఆయన్ని మళ్ళీ సరైన స్థాయిలో చూపించిన పెద్ద ప్రదర్శన 2011లో ఇండియానాపొలిస్‌లో జరిగింది. అప్పటికి ఆయనకి ఎనభై దాటాయి. 2016లో పోయారు. మోసపోతున్నాడేమో అన్న జాలి ఒక కళాకారుడి పద్దెనిమిదేళ్ళు తినేసింది.

డబ్బు, పేరు తెలిస్తే కళ చెడిపోతుందన్న మాట ఎప్పుడూ వస్తుంది. పూర్తిగా అబద్ధం కాదు. మేముండే అట్లాంటా నుంచి రెండు గంటల దూరంలో, సమ్మర్‌విల్ దగ్గర, హొవర్డ్ ఫిన్‌స్టర్ కట్టుకున్న ప్యారడైజ్ గార్డెన్ ఉంది. పిల్లల్ని తీసుకెళ్ళండి, డిస్నీ కంటే నయం. ఫిన్‌స్టర్ చర్చి పాస్టరు, సైకిళ్ళ రిపేరు చేసేవారు. 1976లో సైకిల్‌కి రంగు వేస్తుంటే వేలి మీద అంటిన రంగు చుక్కలో ఒక ముఖం కనపడి పవిత్రమైన బొమ్మలు వెయ్యమందట. నాకు రాదు అంటే, రాదని నీకెలా తెలుసు అందట. జేబులోంచి డాలరు నోటు తీసి, దాని మీది వాషింగ్టన్‌ని చూసి మొదటి బొమ్మ వేశారు. తోటలో నడిచే దారుల సిమెంటులో గోలీలు, గాజు ముక్కలు, పనిముట్లు పొదిగి ఉంటాయి. ఒకచోట సీసాలో ఒక కుర్రాడి టాన్సిల్స్ కూడా. మా వాడు అక్కణ్ణుంచి కదలనంటే కదలనన్నాడు.

ఫిన్‌స్టర్ ప్రతి బొమ్మకీ నంబరు వేశారు. దేవుడు అడిగినవి 5,000 అట, అవి 1985లోనే అయిపోయాయి. ఆగలేదు. చివరికి నంబరు 46,000 దాటింది. ఆర్‌.ఈ.ఎమ్., టాకింగ్ హెడ్స్ బ్యాండ్ల ఆల్బమ్ కవర్లకి వేశారు, టీవీ షోలకి వెళ్ళారు. చివరి పదేళ్ళలో చేసిన చెక్క దేవదూతలు, గాయకుడు ఎల్విస్ బొమ్మలు చాలావరకు వడివడిగా లాగించేసినవి, చూడగానే తెలిసిపోతుంది. కొనేవాళ్ళు ఆగకుండా వచ్చారు, ఆయన ఆగకుండా చేశారు. బాగోలేని బొమ్మని బాగోలేదనాలి. అంటేనే బాగున్న బొమ్మకి విలువ. కానీ దానికి కారణం అమాయకత్వం పోవడమని నేను ఒప్పుకోను. పికాసో చివర్లో చేసిన వందలాది నాసిరకం పింగాణీ పళ్ళాలకి మనం ఆ కారణం చెప్పం కదా.

దీనికి ఎదురు ఉదాహరణ ఒకటుంది, దాన్ని దాటవేయడం నిజాయితీ కాదు. వాషింగ్టన్‌లో జేమ్స్ హాంప్టన్ ప్రభుత్వ భవనాల్లో రాత్రి క్లీనింగ్ పని చేసేవారు. ఒక గ్యారేజీ అద్దెకి తీసుకుని, పాత ఫర్నిచర్, అట్టలు, కాలిపోయిన బల్బులకి వెండి, బంగారు రేకు కాగితాలు చుట్టి, పద్నాలుగేళ్ళ పాటు ఒక సింహాసనం, దాని చుట్టూ బలిపీఠాలు, కిరీటాలు కట్టారు. 1964లో ఆయన పోయాకే అది లోకానికి తెలిసింది. ఇప్పుడు వాషింగ్టన్ స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది, చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. ఆయనకి అమ్మకం అక్కర్లేదు, పావలా బోర్డు అక్కర్లేదు. అందరూ ఒకలా ఉండరు, నిజమే. కానీ ఈయన కథనే పదే పదే చెప్పుకుని, మిగతా అందర్నీ ఆయన అచ్చులో పోసేశాం. అలా పోస్తే కొనేవాళ్ళకి చవక.

మా భోజనాల బల్ల దగ్గర ఈ విషయం ఎత్తితే ఎవరో ఒకరు, ఇలాంటివి మా పాప కూడా వేస్తుందండీ, అంటారు. హంటర్ బొమ్మలకి నకిలీలు చేసి అమ్మిన ఒకాయన 2011లో కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. అంత సులువైతే ఎఫ్‌బీఐ దాకా వెళ్ళే అవసరం ఉండేది కాదు.

ఇక చట్టం సంగతి. అమెరికాలో బొమ్మ ఒకసారి అమ్మాక, తర్వాత ఎన్ని చేతులు మారినా, ఎన్ని రెట్లు పెరిగినా, వేసినవాళ్ళకి పైసా రాదు. కాలిఫోర్నియా ఒక్కటి 5 శాతం ఇవ్వాలని చట్టం చేసింది. 1978 తర్వాతి అమ్మకాలకి అది చెల్లదని 2018లో అప్పీలు కోర్టు తేల్చేసింది. యూరప్‌లో వాటా ఉంది. మన దేశంలో కూడా ఉంది, చాలామందికి తెలియదు: 1957 కాపీరైట్ చట్టంలో 53ఏ సెక్షన్ ప్రకారం, పది వేల రూపాయలు దాటి మళ్ళీ అమ్ముడైతే కళాకారుడికీ వారసులకీ గరిష్ఠంగా 10 శాతం దాకా వాటా అడిగే హక్కు ఉంది. కాగితం మీద మనమే ముందున్నాం. ఆ కాగితం చెరియాల నకాషీ చిత్రకారుడి ఇంటిదాకా, శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళ దాకా చేరిందా అంటే, వాళ్ళ పేరే షోరూమ్ బిల్లు మీద ఉండదు.

పేదరికంలో పుట్టి, సంతలో అరువు తెచ్చుకున్న రంగుతో పని మొదలుపెట్టేవాళ్ళు మొదటిసారి చవగ్గానే అమ్ముతారు, వేరే దారి లేక. విలువంతా తర్వాతి అమ్మకాల్లోనే పుడుతుంది. కాబట్టి మళ్ళీ అమ్మినప్పుడు వాటా లేకపోవడం అందరికంటే ఎక్కువగా వీళ్ళనే దెబ్బతీస్తుంది. ఆర్నెట్ పెట్టిన సోల్స్ గ్రోన్ డీప్ అనే సంస్థే కొన్నేళ్ళుగా, తమ దగ్గర్నుంచి మ్యూజియంలు కొన్నవాటి మీద బతికున్న కళాకారులకి వాటా ఇచ్చే పద్ధతి పెట్టుకుంది. జీస్ బెండ్ ఆడవాళ్ళలో చాలామంది ఇప్పుడు ఎట్సీ అనే ఆన్‌లైన్ అంగడిలో సొంత పేరుతో సొంత రేటుకి అమ్ముకుంటున్నారు. ఏటా అక్టోబరులో ఊళ్ళోనే తీగల మీద బొంతలు ఆరేసే పండగ పెడుతున్నారు. రేటు వేలల్లో ఉంటుంది, వెళ్ళినవాళ్ళు బేరాలాడకండి.

ఇక్కడ డేవ్ గురించి చెప్పాలి. సౌత్ కరోలినాలో ఎడ్జ్‌ఫీల్డ్ ప్రాంతంలో 1801 ప్రాంతంలో పుట్టిన బానిస, కుమ్మరి పని చేసేవారు. బూడిద, ఇసుక, మట్టి కలిపిన పూతతో, ఆలివ్ రంగులో నిగనిగలాడే జాడీలు. ఉప్పు వేసిన మాంసం, కొవ్వు నిలవ చేసుకోవడానికి. మామూలు కుమ్మరి సారె మీద లేవనెత్తగలిగినవి కావు. అడుగు భాగం సారె మీద చేసి, పైన మట్టిని తాళ్ళలా పేని చుట్టుకుంటూ ఎత్తు పెంచేవారు. 1859 నాటి ఒక జాడీలో నలభై గ్యాలన్లు పడుతుంది. 1834లో సౌత్ కరోలినా, బానిసలకి చదువు నేర్పితే శిక్ష అని చట్టం తెచ్చింది. అదే 1834లో తేదీ వేసిన ఆయన జాడీ మనకి దొరికింది. తర్వాత పాతికేళ్ళ పాటు పచ్చి మట్టి మీద పుల్లతో డేవ్ అని సంతకం, తేదీ, ఒక్కోసారి రెండు పాదాల పద్యం గీశారు. తన యజమాని పేరు ప్రాసలో పెట్టారు. నా చుట్టాలంతా ఎక్కడున్నారో అని 1857 ఆగస్టులో ఒక జాడీ మీద రాశారు. ఆ వారంలోనే ఇంకో జాడీ మీద, డబ్బుని పాపిష్ఠిదంటారు గానీ ఈ జాడీ చేసింది నగదు కోసమే అని రాశారు.

ఆ నగదు ఆయనకి రాలేదు, బానిసకి రాదు కదా. ఎవరికి పోతుందో ఆయనకి తెలుసు. తెలిసే రాశారు, బట్టీలో కాల్చారు, చెరిగిపోకుండా. విముక్తి తర్వాత డేవిడ్ డ్రేక్ అని పేరు పెట్టుకున్నారు, 1870లలో పోయారు. 2021లో ఆయన జాడీ ఒకటి వేలంలో 15 లక్షల డాలర్లు దాటింది.

నగదు కోసమే అన్న జాడీ 1997 నుంచి బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో ఉంది. 2025లో మ్యూజియం డ్రేక్ వారసులతో ఒప్పందం చేసుకుంది. తన దగ్గరున్న ఆయన జాడీలు రెండూ న్యాయంగా కుటుంబానివేనని ఒప్పుకుని, వాళ్ళ పేరు మీదికి మార్చింది. ఒకటి కుటుంబం అక్కడే అరువుకి ఉంచింది. పద్యం ఉన్న జాడీని మ్యూజియం మళ్ళీ కొనుక్కుంది, ఈసారి డబ్బు కుటుంబానికి ఇచ్చి.